స్వామి జ్ఞానానంద

హైదరాబాదులోని తార్నాక కూడలికి ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల గులాబీ రాతి భవనంలో తరతరాలుగా భాషలు, చరిత్ర, తత్త్వశాస్త్రం చదువుకుంటున్నారు. అదే కూడలికి మరొకవైపు, నిజాం పాలనలో 1944లో కేంద్ర పరిశోధనాశాలగా ఏర్పడి, నేడు రసాయన సాంకేతిక సంస్థగా పేరొందిన శాస్త్ర పరిశోధనాలయం ఉంది. ఈ రెండింటికీ నడుమ దూరం కొద్దిపాటిదే. కాని పదవ తరగతి దాటిన పిల్లవాడు ఒకసారి ఇటో అటో అడుగు వేస్తే మళ్ళీ రెండవవైపు తొంగిచూడడం అరుదు. తనలో ఇంకొకడు కూడా ఉన్నాడన్న సంగతిని చాలామంది క్రమంగా మరచిపోతారు. అలా మరచిపోని ఒక తెలుగువాని జీవితం ఇది.

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న పశ్చిమ గోదావరి ప్రాంతంలో, భీమవరానికి సమీపాన గల గొరగనమూడిలో జన్మించారు. ఇంట్లో వైదిక గ్రంథాలకు కొదవ లేదు. నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో చదువుకుంటున్న రోజుల్లోనే ఆయన మనస్సు పాఠాలకంటె ఆ గ్రంథాలపై ఎక్కువగా లగ్నమైంది. యౌవనంలో ఇల్లు విడిచి, ఉత్తర భారతమంతా తిరిగి, హిమాలయ ప్రాంతాలలో పదేళ్ళపాటు యోగసాధన చేశారు. స్వామి జ్ఞానానంద అన్నది అప్పుడు ధరించిన పేరు.

యోగమనగానే ఆసనాలు, ప్రాణాయామం మాత్రమే గుర్తుకు రావడం మనకు అలవాటైంది. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనం మూడవది. దానికి ముందున్న నియమాలలో స్వాధ్యాయం ఒకటి. శాస్త్రాలను చదవడం, వాటి వెలుగులో తనను తాను చదువుకోవడం అని దానిని వివరించిన వారున్నారు. మనస్సు అడుగున సంస్కారాలు నిద్రించే విత్తనాల వలె పడి ఉంటాయని, తగిన సమయం వచ్చినప్పుడు మొలకెత్తుతాయని యోగశాస్త్రం చెబుతుంది. ఏ విత్తనం ఏ మొక్క అవుతుందో ముందుగా సాధకునికే తెలియదు. జ్ఞానానంద విషయంలో సరిగ్గా అదే జరిగింది.

1927లో ఆయన జర్మనీకి వెళ్ళారు. యోగాన్ని, వేదవిజ్ఞానాన్ని గురించి అక్కడ ఉపన్యసించారు. తన సాధనానుభవాన్ని ‘పూర్ణ సూత్రాలు’ అనే గ్రంథంగా వెలువరించారు. భారతీయ యోగిని వినడానికి కుతూహలంతో వచ్చే శ్రోతలకు నాటి ఐరోపాలో లోటు లేదు. అదే బాటలో సాగితే శిష్యులు, ఆశ్రమం, కీర్తి ఏర్పడడానికి ఎక్కువ కాలం పట్టేది కాదు. కాని అవి భౌతికశాస్త్రం తలకిందులవుతున్న సంవత్సరాలు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం దేశకాలాల స్వరూపాన్నే మార్చివేసింది. అణువును గురించిన కొత్త భావనలు జర్మనీలోనే రూపుదిద్దుకుంటున్నాయి. ఆ చర్చలు విన్న సన్న్యాసిలో అంతవరకు ఉనికే తెలియని ఒక విద్యార్థి మేల్కొన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆధునిక శాస్త్రం చెప్పేదంతా మన పూర్వులు ఎన్నడో చెప్పి ఉన్నారని ప్రసంగించి చప్పట్లు కొట్టించుకోవడం ఆయనకు అతి సులభమైన పని. దానికి గణితం రానవసరం లేదు. జ్ఞానానంద ఆ దారిని ఎన్నుకోలేదు. ముప్పయ్యేళ్ళు దాటిన వయస్సులో, గురుపీఠం మీద నుండి దిగి, గణితాన్ని, భౌతికశాస్త్రాన్ని మొదటినుండి నేర్చుకోవడానికి విద్యార్థుల బల్లమీద కూర్చున్నారు. పదేళ్ళు ఎముకలు కొరికే చలిలో చేసిన తపస్సుకంటె ఇది తేలికైనదని నేను అనుకోను. నలుగురూ గురువని నమస్కరించినవాడు నాకు ఇది తెలియదని ఒప్పుకోవడంలో అహంకారానికి పడే దెబ్బ సామాన్యమైనది కాదు.

జర్మనీ నుండి ఆయన చెకొస్లొవాకియా వెళ్ళి, ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆయన ఆచార్యుడు వాక్లవ్ డొలేషెక్. గురువు 1895లో పుట్టినవాడు, శిష్యుడు 1896లో పుట్టినవాడు! ఎక్స్-కిరణాల వర్ణపటాలను అతి సూక్ష్మంగా కొలవడం అక్కడి పరిశోధనాంశం. మృదువైన ఎక్స్-కిరణాలను గాలి తేలికగా పీల్చివేస్తుంది. అందువల్ల వర్ణపటలేఖినిలో నుండి గాలినంతా తోడివేసి శూన్యాన్ని కల్పించాలి. ఏ అతుకులోనైనా వెంట్రుకవాసి సందు ఉన్నా గాలి చొరబడి కొలత చెడుతుంది. గంటల తరబడి, రోజుల తరబడి ఓపికగా కూర్చోగలవారికే అలబ్బే విద్య అది. ఇంద్రియాలను బయటి విషయాలనుండి మళ్ళించడమే ప్రత్యాహారమని నేర్చిన మనిషికి, గాజు గొట్టంలోని గాలిని తోడి లోపలి వెలుగును చూడడం మరీ కొత్తగా తోచి ఉండకపోవచ్చు. ఈ పోలిక నాది. ఆయన పరిశోధనకు నిలిచిన విలువ మాత్రం కొలతలలోని కచ్చితత్వమే. 1936లో ప్రాగ్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. నాజీలు ఆక్రమించిన ఆ దేశంలో డొలేషెక్ నిర్బంధానికి గురై, 1945 జనవరిలో తెరెజీన్‌లో మరణించాడు.

ప్రాగ్ తరువాత మజిలీ ఇంగ్లండులోని లివర్‌పూల్. 1932లో న్యూట్రాన్‌ను కనుగొని, 1935లో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ చాడ్విక్ అప్పుడక్కడ ఆచార్యుడు. ఆయన వద్ద జ్ఞానానంద బీటా కిరణాలపై పరిశోధించారు. రేడియోధార్మిక పదార్థంనుండి వెలువడే ఎలక్ట్రాన్‌లను శూన్యంలో, అయస్కాంత క్షేత్రం గుండా పంపితే వాటి మార్గం వంగుతుంది. ఎంత వంగిందో కొలిస్తే వాటి శక్తి తెలుస్తుంది. ఎలక్ట్రాన్‌లన్నీ ఒకే శక్తితో కాక హెచ్చుతగ్గు శక్తులతో వెలువడతాయని 1914లోనే గమనించినవాడు చాడ్విక్. ఆ లోటుకు కారణంగా, కంటికి గాని నాటి పరికరాలకు గాని చిక్కని ఒక కణాన్ని పౌలీ 1930లో ఊహించాడు. కనిపించనిదాని జాడను కనిపించే దానిలోని తేడా ద్వారా పట్టుకోవలసిన రంగంలో, యోగి ఇప్పుడు కూలీ వలె శ్రమించాడు. అటుపిమ్మట అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలోనూ పరిశోధనలు సాగించారు. శూన్యాన్ని కల్పించే పద్ధతులపై ఆయన ఆంగ్లంలో రచించిన ‘హై వాక్యువా’ అనే గ్రంథం 1947లో వెలువడింది.

రెండు దశాబ్దాల తరువాత, 1947లో స్వదేశానికి మరలి వచ్చారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్పటి ఉపాధ్యక్షులు వి.ఎస్. కృష్ణ గారు. ఆయన ఆహ్వానంపై 1954లో విశాఖపట్నం చేరి, అక్కడ అణుభౌతికశాస్త్ర శాఖకు పునాది వేశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఏడు. చాలామంది విశ్రాంతిని తలచుకునే ఆ వయస్సులో పరికరాలు సమకూర్చుకోవడం, ప్రయోగశాలను నిలబెట్టడం, పరిశోధక విద్యార్థులను తీర్చిదిద్దడం మొదలుపెట్టారు. ఆచార్యుడైనా స్వామి అన్న పేరును విడువలేదు. స్వామియై ఉండి కొలతబద్దను విడువలేదు. రెండింటిలో ఏది అసలు, ఏది వేషం అన్న ప్రశ్న చుట్టూ ఉన్నవారికి కలిగితే కలిగి ఉండవచ్చు. ఆయన జీవితాన్ని చూస్తే ఒకదానికోసం మరొకదానిని దాచవలసిన అవసరం ఆయనకు కలగలేదనే అనిపిస్తుంది.

1965 వరకు ఆ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. విశాఖ సాగరతీరాన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన నెలకొల్పిన అణుపరిశోధనాశాలకు స్వామి జ్ఞానానంద పేరే పెట్టారు.