జోసెఫ్ బ్యాంక్స్ రైన్

జోసెఫ్ బ్యాంక్స్ రైన్ (సెప్టెంబరు 29, 1895 - ఫిబ్రవరి 20, 1980) అమెరికాకు చెందిన పరామనస్తత్వ శాస్త్ర పరిశోధకుడు. ఇంద్రియాల సాయం లేకుండా విషయాలను గ్రహించే శక్తి మనిషికి ఉన్నదా అనే ప్రశ్నను విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పరీక్షకు పెట్టినవాడిగా ఇతడు ప్రసిద్ధుడు.

జననం, విద్య

రైన్ పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించాడు. 1925లో షికాగో విశ్వవిద్యాలయం నుండి వృక్షశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. ఇతని భార్య లూయిసా కూడా వృక్షశాస్త్రవేత్తయే. 1922లో ఆర్థర్ కానన్ డాయిల్ ప్రసంగం విన్న తరువాత రైన్ దృష్టి అతీంద్రియ విషయాల వైపు మళ్ళింది. అయితే 1926లో, ప్రేతాత్మలను రప్పిస్తుందని పేరుపొందిన బోస్టన్ మహిళ మార్జరీ సభకు వెళ్ళి, అక్కడ జరుగుతున్నది మోసమని గ్రహించి, ఆ సంగతిని ప్రకటించాడు.

పరిశోధనలు

1927లో రైన్ డ్యూక్ విశ్వవిద్యాలయంలో విలియం మెక్‌డూగల్ వద్ద చేరాడు. ఇతని ప్రయోగాలలో జెనర్ కార్డులు ముఖ్యమైనవి. ఐదు గుర్తులు, గుర్తుకు ఐదు చొప్పున మొత్తం 25 కార్డులుంటాయి. కేవలం ఊహించి చెబితే సగటున 5 సరిపోతాయి. అంతకు మించిన ఫలితం పదే పదే వస్తే దానికి కారణం వెతకాలన్నది రైన్ వాదన. 1933-34లో హ్యూబర్ట్ పియర్స్ అనే విద్యార్థి 1,850 ప్రయత్నాలలో 558 సార్లు సరిగా చెప్పినట్లు నమోదైంది. యాదృచ్ఛికంగా రావలసినవి 370 మాత్రమే. 1934లో రైన్ గ్రంథం వెలువడింది.

విమర్శలు

1937లో గణాంక శాస్త్రజ్ఞులు రైన్ లెక్కల పద్ధతిలో దోషం లేదన్నారు. అందువలన విమర్శ ప్రయోగాల నిర్వహణపై నిలిచింది. తొలినాటి కార్డులలో కొన్నింటి గుర్తులు వెనుకవైపు నుండి కనిపించేవి. పియర్స్‌పై ప్రయోగమంతా నిఘా లేకపోవడాన్ని కూడా విమర్శకులు ఎత్తిచూపారు. ప్రిన్స్‌టన్‌లో కాక్స్ 132 మందితో చేసిన ప్రయోగాలలో అతీంద్రియ శక్తి జాడ కనిపించలేదు. ఇతర ప్రయోగశాలలలో ఫలితాలు నిలకడగా పునరావృతం కాకపోవడమే శాస్త్రజ్ఞులలో అత్యధికులు ఈ శక్తిని అంగీకరించకపోవడానికి ప్రధాన కారణం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంతో సంబంధం

డ్యూక్‌లో రైన్‌తో కలసి పనిచేసిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు 1967లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగాన్ని నెలకొల్పాడు.

చివరి సంవత్సరాలు

రైన్ ప్రతిపాదనపై 1957లో ఏర్పడిన పరామనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘానికి 1969లో అమెరికా విజ్ఞానశాస్త్రాభివృద్ధి సంఘంలో అనుబంధ సభ్యత్వం లభించింది. 1974లో తన సంస్థలోని ముఖ్య పరిశోధకుడు ఫలితాలను తారుమారు చేస్తుండగా సహచరులు పట్టుకొన్నారు. జరిగినది రైన్ తన పత్రికలోనే వెల్లడించాడు. రైన్ వెతికిన శక్తి రుజువు కాలేదు. కాని నమ్మకాన్ని లెక్కించి పరీక్షించాలన్న పట్టుదలను, తన సంస్థకు అపకీర్తి వచ్చినప్పుడు కూడా ఇతడు విడువలేదు.