జేమ్సు మాడిసన్

దేశమును పరుల చేతినుండి విడిపించుట కష్టము. విడిపించిన దేశమును చెదరిపోకుండ నిలుపుట అంతకంటెను కష్టము. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమునకు నాయకత్వము వహించి మొదటి కార్యమును నెరవేర్చినవాడు జార్జి వాషింగ్టన్. రెండవ కార్యమునకై అహోరాత్రములు శ్రమించిన వారిలో అగ్రగణ్యుడు జేమ్సు మాడిసన్. ఆ దేశీయులు ఆయనను తమ రాజ్యాంగమునకు జనకుడని గౌరవింతురు.

మాడిసన్ 1751వ సంవత్సరము మార్చి 16వ తేదీన వర్జీనియాలోని పోర్టు కాన్వే అనుచోట జన్మించెను. తండ్రి పొగాకు పండించు గొప్ప భూస్వామి. పన్నెండుమంది సంతానములో మాడిసన్ జ్యేష్ఠుడు. ఆయన పొట్టివాడు, తరచుగా వ్యాధిపీడితుడు. కంఠస్వరము మిక్కిలి సన్ననిది. సభలో మాటలాడునపుడు దూరముననున్న వారికి వినబడెడిది కాదు. దేహము దుర్బలమైనను విద్యాసక్తి మాత్రము అపారము. 1769లో ఆయన న్యూజెర్సీ కళాశాలలో చేరెను. అదియే నేటి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము. అచటి చదువును ఆయన రెండేండ్లలోనే ముగించెను.

ఆ కాలమున వర్జీనియాలో ఇంగ్లండు దేశపు చర్చి రాజమతముగా నుండెను. అనుమతి లేక బోధించిన ఇతర శాఖల క్రైస్తవ బోధకులను చెరసాలలో వేయుచుండిరి. యువకుడైన మాడిసన్ దీనిని చూచి ఎంతయు పరితపించెను. 1776లో వర్జీనియా ప్రతినిధుల సభ హక్కుల ప్రకటనను సిద్ధపరచునపుడు, అన్యమతములను సహింపవలెనను మాట అందుండెను. సహనము పాలకులు దయతో ఇచ్చునది. దానిని వారు తిరిగి తీసికొనవచ్చును. కావున మతస్వేచ్ఛ అందరికిని సమానమైన హక్కని వ్రాయవలెనని ఇరువదియైదేండ్ల మాడిసన్ వాదించి, ఆ మార్పును సాధించెను. మరుసటి యేడు జరిగిన ఎన్నికలో, అప్పటి ఆచారము ననుసరించి ఓటర్లకు సారాయి పోయుటకు నిరాకరించి, ఆయన ఓడిపోయెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప పదుమూడు రాష్ట్రములు కూడి ఒక కూటమిగా ఏర్పడెను. కాని ఆ కూటమి పేరునకు మాత్రమే ప్రభుత్వము. దాని కాంగ్రెసునకు పన్నులు విధించు అధికారము లేదు. యుద్ధమున పోరాడిన సైనికులకు జీతములిచ్చుటకైనను ధనము లేకుండెను. ఒక రాష్ట్రము సరకులపై మరియొక రాష్ట్రము సుంకములు వేయుచుండెను. కూటమి నిబంధనలను మార్చుటకు పదుమూడు రాష్ట్రములును సమ్మతింపవలసియుండెను. 1786లో మసాచుసెట్సు రైతులు అప్పుల బాధ తాళలేక తిరుగుబాటు చేసిరి. దేశము ముక్కలగునను భయము పెద్దలను ఆవరించెను.

మాడిసన్ భయపడుచు కూర్చుండలేదు. ప్యారిస్‌లో రాయబారిగా నున్న మిత్రుడు జెఫర్‌సన్ పంపిన గ్రంథములను ముందిడుకొని, ప్రాచీన గ్రీకు రాజ్యముల కూటములు మొదలు తన కాలపు కూటముల వరకు అవి ఏల బలహీనపడెనో పరిశోధించెను. రోగికి మందిచ్చుటకు ముందు రోగమూలమును కనుగొనవలెను గదా!

1787 మే నెలలో ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగ సభ ప్రారంభమయ్యెను. పండ్రెండు రాష్ట్రములనుండి ఏబదియైదుగురు ప్రతినిధులు వచ్చిరి; రోడ్ ఐలండు మాత్రము ఎవ్వరిని పంపలేదు. వాషింగ్టన్ అధ్యక్షుడయ్యెను. వర్జీనియా ప్రతినిధులు ముందుంచిన ప్రణాళికకు మూలము మాడిసన్ ఆలోచనలే. శాసనములు చేయుట, వానిని అమలు జరుపుట, న్యాయము తీర్చుట అను మూడు పనులు మూడు వేర్వేరు శాఖలకు అప్పగింపవలెనని సభ నిశ్చయించెను. అధికారము చేతనున్నవారు సర్వదా ధర్మపరులై యుందురని నమ్మరాదు; కావున ఒక శాఖ మరియొక శాఖను అదుపులో నుంచవలెనని మాడిసన్ అభిప్రాయము.

జనసంఖ్యనుబట్టి రెండు సభలలోను స్థానములుండవలెనని ఆయన కోరెను. చిన్న రాష్ట్రములవారు దీనిని తీవ్రముగా ఎదిరించిరి. తుదకు ఒక సభలో జనసంఖ్యనుబట్టియు, రెండవ సభలో రాష్ట్రములకు సమానముగను స్థానములుండునట్లు రాజీ కుదిరెను. మాడిసన్ పక్షము ఓడెను. అయినను ఆయన అలిగి సభను విడిచిపోలేదు. ప్రతిదినము ముందు వరుసను కూర్చుండి, ప్రతినిధుల వాదములన్నిటిని వ్రాసికొనెను. సెప్టెంబరు 17వ తేదీన ముప్పదితొమ్మిదిమంది రాజ్యాంగముపై సంతకములు చేసిరి.

అది అమలులోనికి వచ్చుటకు తొమ్మిది రాష్ట్రముల ఆమోదము కావలెను. ప్రజల సందేహములు తీర్చుటకు హామిల్టన్, జాన్ జే, మాడిసన్ మువ్వురును ఒకే మారుపేరుతో ఎనుబదియైదు వ్యాసములు వ్రాసిరి. 1788 జూన్‌లో వర్జీనియా సభలో పాట్రిక్ హెన్రీ రాజ్యాంగమును ఖండించెను. ఆయన ఉపన్యాసము సభను ఉర్రూతలూగించెడిది. ఎదుట నిలిచినది సన్నని గొంతుగల మాడిసన్. నడుమ కొన్నాళ్లు ఆయన జబ్బుపడెను కూడ. అయినను ఒక్కొక్క ఆక్షేపణకు శాంతముగా, యుక్తియుక్తముగా సమాధానము చెప్పెను. 79కి ఎదురుగా 89 ఓట్లతో వర్జీనియా రాజ్యాంగమును ఆమోదించెను.

పౌరుల హక్కులను వేరుగా వ్రాయనక్కరలేదని మొదట మాడిసన్ తలచెను. కాని జెఫర్‌సన్ లేఖలను చదివి, ప్రజల ఆందోళనను గుర్తించి తన అభిప్రాయమును మార్చుకొనెను. 1789లో కాంగ్రెసు సభ్యుడై, హక్కుల సవరణలను తానే ప్రతిపాదించెను. వానిలో పది 1791 డిసెంబరు 15వ తేదీన రాజ్యాంగమున చేరెను. మతము, వాక్కు, పత్రికలు, సభలు వీని స్వేచ్ఛకు అవి రక్షణములు. మన భారత సంవిధానమున ప్రాథమిక హక్కులను రచించిన పెద్దలు ఈ సవరణలను కూడ పరిశీలించిరి.

1809 నుండి 1817 వరకు మాడిసన్ దేశాధ్యక్షుడుగా నుండెను. 1812లో ఇంగ్లండుతో యుద్ధము సంభవించెను. 1814 ఆగస్టులో ఆంగ్లసైనికులు వాషింగ్టన్ నగరమున ప్రవేశించి అధ్యక్షభవనమును తగులబెట్టిరి. అట్టి విపత్కాలమునందును తన్ను దూషించు పత్రికల నోరు మూయించుటకు ఆయన చట్టము చేయింపలేదు.

చంద్రునియందును మచ్చ కలదు. రాజ్యాంగ సభ బానిసత్వమును నిర్మూలింపలేదు. స్థానములను లెక్కించునపుడు ఐదుగురు బానిసలను ముగ్గురుగా గణించుటకు అంగీకరించెను. బానిసత్వము అధర్మమని మాడిసన్ ఎరుగును. ఐనను ఆయన పొలములలో నూరుమందికి మించి బానిసలు పనిచేసిరి; మరణశాసనమునందును వారికి విముక్తి నొసగలేదు. ఆ పాపము ఫలితముగా దేశము అంతర్యుద్ధమున రక్తము చిందించెను. 1865లో రాజ్యాంగమునకు చేసిన సవరణతోనే బానిసత్వము తొలగెను.

రాజ్యాంగముపై సంతకము చేసినవారిలో కడపటివాడైన మాడిసన్ 1836 జూన్ 28వ తేదీన మాంట్‌పిలియర్‌లోని స్వగృహమున పరమపదించెను. ఆయన వ్రాసియుంచిన సభా వృత్తాంతము 1840లో అచ్చయ్యెను. ఆ మహాసభలో ఏమి జరిగెనో నేడు మనకు ముఖ్యముగా దానివలననే తెలియుచున్నది. దేహబలము లేకున్నను, కంఠబలము లేకున్నను, పట్టుదలతో కూడిన అధ్యయనము ఒక జాతి భవిష్యత్తును తీర్చిదిద్దగలదని మాడిసన్ జీవితము చాటుచున్నది. ఎంతటి మేధావియైనను తానెరిగిన ధర్మమును ఆచరింపనిచో ఆ లోపమునకు తరువాతి తరములు మూల్యము చెల్లింపవలసివచ్చునని కూడ అదియే బోధించుచున్నది.