అల్ జహ్రావీ: ఒక గ్రంథం – ఒక జీవితం

నేడు పరిశోధకుని ప్రతిభను ఆయన ప్రచురించిన వ్యాసాల సంఖ్యతో కొలవడం పరిపాటి అయినది. దేహంలో ఇమిడే పదార్థాలను గురించీ, చెడిన అవయవాల పునరుద్ధరణను గురించీ వందలాది వ్యాసాలు వెలువరించిన శాస్త్రజ్ఞులు ఎందరో ఉన్నారు. ఆ శాస్త్రాలకు ఇంకా పేరైనా ఏర్పడని కాలంలో, తాను నేర్చినదంతా ఒకే గ్రంథంలో నిక్షేపించి వెళ్ళిన మహనీయుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ. లాటిన్ పండితులు ఆయనను అల్బుకాసిస్ అని పిలుచుకొన్నారు.

ఆయన 10వ శతాబ్దంలో స్పెయిన్ దేశాన జీవించాడు. ఖలీఫా 3వ అబ్దుర్రహమాన్ 936 ప్రాంతంలో కార్డోబా నగర సమీపాన మదీనతుజ్జహ్రా అనే రాజనగరాన్ని నిర్మింప నారంభించాడు. జహ్రావీ అనే పేరు ఆ నగరాన్ని బట్టి వచ్చినదే. ఆయన జీవిత విశేషాలు మనకు దక్కినవి బహు స్వల్పం. ఆయనను తెలుసుకోవాలంటే ఆయన గ్రంథమే శరణ్యం.

ఆ గ్రంథం 'అత్తస్రీఫ్'. ముప్పది భాగాల ఈ వైద్య సర్వస్వం 1000వ సంవత్సర ప్రాంతంలో పూర్తి అయినది. చివరిదైన ముప్పదవ భాగం శస్త్రచికిత్సకు, అనగా జర్రాహీకి, అంకితమైనది. అందు సుమారు రెండువందల పరికరాల చిత్రాలు ఉన్నవి.

తన దేశంలో శస్త్రవిద్య క్షీణించినదన్న ఆవేదనయే ఆ భాగాన్ని వ్రాయించినది. శరీర నిర్మాణ మెరుగని వైద్యుడొకడు ఒక స్త్రీ మెడపై వాపును కోయగా, మెడలోని రక్తనాళాలు తెగి ఆమె రక్తస్రావంతో మరణించిన ఉదంతాన్ని ఆయన దాచక వ్రాశాడు. శిష్యులను బిడ్డలుగా సంబోధిస్తూ, అపాయకరమైన చికిత్సకు తొందరపడవద్దని హెచ్చరించాడు. కత్తితో తన కంఠాన్ని కోసుకొన్న ఒక దాసీబాలికకు తాను గాయం కుట్టి స్వస్థత చేకూర్చిన వృత్తాంతాన్ని కూడా చెప్పాడు. ఆమెకు కంఠస్వరంలో బొంగురుతనం మాత్రమే మిగిలినది. శ్వాసనాళానికి తగిలిన గాయం మానగలదని ఆయన దానినుండి గ్రహించాడు.

పదార్థాల ఎన్నికలో ఆయన చూపు మరింత నిశితం. కదలిన దంతాలను బంగారు తీగెతో కట్టుమన్నాడు. వెండి కొలది దినాలలో పచ్చబడి చెడుననీ, బంగారం మారదనీ కారణం చెప్పాడు. ఊడిన పంటి స్థానంలో ఎద్దు ఎముకను చెక్కి అమర్చవచ్చునన్నాడు. ప్రేగు గాయాలను జంతువుల ప్రేగునుండి తీసిన దారంతో కుట్టే విధానాన్ని వివరించాడు. అట్టి దారాన్ని దేహం క్రమంగా తనలో కలుపుకొంటుంది. గాయం మానువరకు ఆసరాగా నిలిచి, పిమ్మట తొలగిపోయే పదార్థాలను వెదకే నేటి శాస్త్రానికి ఇది ఎంతో సన్నిహితమైన విషయం.

ఇవన్నీ ఆయనే తొలిగా కనుగొన్నాడనుట అతిశయోక్తి. ప్రేగు దారాన్ని గ్రీకు వైద్యుడు గాలెన్ అంతకుముందే పేర్కొన్నాడు. ఈజినాకు చెందిన పాల్ గ్రంథానికి జహ్రావీ ఎంతో ఋణపడినాడు. పూర్వుల విద్యను తన అనుభవంతో పరీక్షించి, పరికరాలను చిత్రాలతో సహా అందించడమే ఆయన ఘనత.

11వ శతాబ్దారంభంలో అంతర్యుద్ధం చెలరేగి మదీనతుజ్జహ్రా కొల్లగొట్టబడి శిథిలమైనది. 1013 ప్రాంతంలో ఆయనయు కన్నుమూశాడు. నగరం మట్టిలో కలిసినను గ్రంథం నిలిచినది. 12వ శతాబ్దంలో క్రెమోనా వాసి జెరార్డ్ టొలీడోలో శస్త్రభాగాన్ని లాటిన్‌లోనికి అనువదించాడు. 14వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు గీ ద షోలియాక్ దానిని పలుమారులు ప్రమాణంగా గ్రహించాడు. 1497లో అది వెనిస్‌లో అచ్చయినది. 1973లో సంపూర్ణ ఆంగ్లానువాదంతో మరల వెలువడినది.

విద్యార్థి మిత్రులారా! జహ్రావీ పేర నిలిచినది ఒక్క గ్రంథమే. కాని అందులో విజయంతోపాటు వైఫల్యానికీ చోటున్నది. ఇతరుల పొరపాటును శిష్యుడు మరల చేయకూడదనియు, రోగి ప్రాణం నిలువవలెననియు వ్రాసిన అక్షరానికి సంఖ్యతో పని లేదు.