ఇల్లు కదిలిన మనిషి – ఏనుగుల వీరాస్వామయ్య

మన బిట్రగుంట రైలు పుణ్యమా అని పెరిగిన ఊరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఇక్కడి లోకో షెడ్డు పేరు తెలియని రైల్వే కుటుంబం ఈ లైనులో లేదనాలి. ఆ ఇంజన్లు పోయి చాలా ఏండ్లయింది గానీ పట్టాలు అట్లాగే ఉన్నాయి. ఇటు పోతే మద్రాసు, అటు పోతే విజయవాడ. ఇంత దారి ఇంటి ముందర పెట్టుకొని కూడా మన పిల్లల్లో చాలామందికి నెల్లూరు దాటి ఒంటరిగా పోవాలంటే కాళ్ళు ఆడవు. ఇంటర్వ్యూకి పిలుపు వస్తే తోడు ఎవరొస్తారని వెతుక్కుంటారు. ఆడపిల్లలకైతే కాలేజీలో సీటు వచ్చినా పంపేందుకు ఇంట్లో పెద్దలకే ధైర్యం చాలదు. తెలివి లేక కాదు, అలవాటు లేక. అందుకని రైలు అనేదే లేని రోజుల్లో ఇల్లు కదిలిన ఒక తెలుగువారి సంగతి ఇక్కడ చెప్పదలిచాము.

ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం వారు. పుట్టింది సుమారు 1780లో. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. పన్నెండేళ్ళకే ఇంగ్లీషు బాగా చదవనేర్చి, జీతం లేకుండా ఒక కచేరీలో పనికి కుదిరారు. ఆ తర్వాత ఏడాదికే తిరునెల్వేలి కలెక్టరు కచేరీలో దుబాసీ పని దొరికింది. తిరునెల్వేలి ఎక్కడ, చెన్నపట్నం ఎక్కడ! తండ్రి లేని పసివాడు అంత దూరం పోయి, పరాయి ఊళ్ళో పెద్దల మధ్య నిలబడి ఒకరి మాట ఇంకొకరికి తెలియజెప్పాలి. మాట తప్పితే పని పోతుంది. కాశీయాత్ర గురించి అందరూ చెబుతారు గానీ, ఆయన అసలు ప్రయాణం ఇదేనని మాకు తోస్తుంది.

మనసు శాస్త్రం చదివినవారు ఇప్పుడు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉన్నది. ఆల్బర్ట్ బందూరా అనే పండితుడు 1977లో తేల్చిందేమంటే, ఒకరు మెచ్చుకున్నందువల్ల వచ్చే ధైర్యం కంటే, తాను ఒక పని చేసి నెగ్గినందువల్ల వచ్చే ధైర్యం గట్టిది. జర్మనీలో వెయ్యిమందికి పైగా విద్యార్థులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల్లో, పరదేశంలో కొన్నాళ్ళు ఉండి వచ్చినవారిలో మనసు నిలకడ పెరిగినట్టు కనబడింది.

మనవారికి బాగా తెలిసిన ఇబ్న్ బతూతా కూడా మొదట్లో ధీరుడేమీ కాదు. 1325లో ఇరవై ఒక్క ఏట టాంజియర్ వదిలి హజ్‌కు బయలుదేరాడు. ట్యూనిస్ చేరినప్పుడు తోటివారిని పలకరించేందుకు ఊరి జనం వచ్చారు. ఇతన్ని మాత్రం అడిగినవారు లేరు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక యాత్రికుడు చూసి దగ్గరకు వచ్చి ఓదార్చాడు. తిరిగి బయలుదేరేటప్పటికి ఆ బిడారుకు ఖాజీ అతనే!

వీరాస్వామయ్య గారు మెల్లగా ఎదిగి 1819 నాటికి మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ అయ్యారు. 1830 మే 18న సుమారు వందమందిని వెంటబెట్టుకొని కాశీకి కదిలారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీ. దారి పొడుగునా దొరతనాలు మారుతుంటాయి: ఇక్కడ కుంఫిణీ, అక్కడ కర్నూలు నవాబు, ఆపైన నిజాం, ఆపైన భోంసలే. ఒక చోట సుంకం, ఇంకో చోట ఏరు పొంగు. జబల్పూరు వైపు అప్పట్లో థగ్గుల భయం మెండు. ఆయన మాత్రం ప్రతి మజిలీలో నీళ్ళు ఎట్లా ఉన్నవి, ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ దిగవచ్చును, జనం ఏ భాష మాట్లాడతారు అన్నీ రాసుకున్నారు. భయానికి మందు వివరం తెలియడమే కదా! తెలియని ఊరు రాసుకున్నాక తెలిసిన ఊరైపోతుంది.

ఒక్క మాట దాచకూడదు. ఆయనకు పల్లకీ ఉన్నది, డబ్బు ఉన్నది, పేరు ఉన్నది. ట్రంకుపెట్టె పట్టుకొని సెకండు క్లాసులో నిలబడి పోయే మన కుర్రవాడికి అవేమీ లేవు. అయితే ఆ పల్లకీ పుట్టుకతో వచ్చింది కాదు, తిరునెల్వేలి పోబట్టి వచ్చింది. ఆ రోజు ఇంట్లోవాళ్ళు పసివాడు, పోవద్దు అని ఆపి ఉంటే!

గయ, కలకత్తా, పూరీ చూసి, గంజాం నుంచి కోస్తా వెంబడి మన నెల్లూరు సీమ మీదుగానే తిరిగి వచ్చారు. బెజవాడ–మద్రాసు రైలుదారి పూర్తయింది 1899లో. అంటే ఆయన ఈ దారిన పోయిన అరవై ఎనిమిదేండ్లకు. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నంలో ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా పట్టింది. నడిచిన దూరం సుమారు 2,500 మైళ్ళు.

1836లో ఆయన కాలం చేశారు. దారిలో రాసి పంపుతూ వచ్చిన సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. దిగవల్లి వెంకట శివరావు గారు 1941లో దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. వాడుక మాటకు దగ్గరగా ఉన్న తెలుగు. హైస్కూలు చదివిన పిల్లలు ఎవరైనా ఓపిక పడితే చదవగలరు. రైల్లో చదువుకుంటే ఇంకా బాగుంటుంది.