తుపాకీ తెచ్చిన కీర్తిని బడికి ధారపోసిన యార్క్

అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో, కెంటకీ సరిహద్దుకు దగ్గరగా, అపలాచియన్ కొండల నడుమ ఫెంట్రెస్ కౌంటీ ఉంది. అక్కడ వుల్ఫ్ నది లోయలో పాల్ మాల్ అనే చిన్న ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా అంతా కొనియాడిన సార్జెంట్ ఆల్విన్ యార్క్ ఆ ఊరి బిడ్డ. ఆయన శౌర్యం గురించి విన్నవారు చాలామంది. ఆయన మనస్సాక్షి పడిన పోరాటం గురించి విన్నవారు కొద్దిమంది. సంఘంగా మనం ఆలోచించవలసింది ఆ రెండవ సంగతే.

ఆ లోయలో మొదట స్థిరపడిన తెల్లవారిలో కాన్రాడ్ పైల్ ఒకడు. 1790ల ప్రాంతంలో వేటాడుతూ వచ్చి, ఒక ఊటబుగ్గ చూసి, దాని పక్కనున్న గుహలోనే కాపురం పెట్టాడని చెబుతారు. క్రమంగా ఎంతో భూమి సంపాదించాడు. యార్క్ తల్లి మేరీ ఆయన వంశంలోనిదే. అయితే తరాలు గడిచేసరికి ఆ ఆస్తి చీలిపోయింది. అంతర్యుద్ధ కాలంలో లోయలో ఇరుగుపొరుగులే రెండు పక్షాలై ఒకరినొకరు చంపుకున్నారు. ఆ పగలు యుద్ధంతో ఆరలేదు. మేరీ తండ్రి విలియం బ్రూక్స్ వాటికే బలయ్యాడు.

1887 డిసెంబరు 13న పుట్టిన ఆల్విన్ పదకొండు మంది పిల్లల్లో మూడోవాడు. తండ్రి కమ్మరి పని చేసేవాడు, వేటాడేవాడు. ఆల్విన్‌కు చదువు అంతంతమాత్రమే, తుపాకీ గురి మాత్రం చిన్నప్పుడే అబ్బింది. 1911లో తండ్రి చనిపోయాక ఇంటి భారం అతని మీద పడింది. పగలు కష్టపడి పనిచేసేవాడు. వారాంతాల్లో తాగుడు, జూదం, కొట్లాటలు. తల్లి కన్నీటి ప్రార్థన మానలేదు. తనతో కలిసి తిరిగిన స్నేహితుడు ఒక కొట్లాటలో హతమవడం అతణ్ణి కదిలించింది. ఊళ్లో జరిగిన ఉజ్జీవ కూటాల్లో, 1915 నూతన సంవత్సరపు వేళ, యార్క్ మారుమనస్సు పొందాడు. ఆ తర్వాత మళ్లీ సీసా ముట్టలేదు. సంఘంలో పెద్దగా, పాటలు నడిపించేవాడిగా, ఆదివారపు బడి ఉపాధ్యాయుడిగా సేవ చేశాడు.

1917లో సైన్యంలో చేరమని పిలుపు వచ్చింది. ఆరవ ఆజ్ఞను అక్షరాలా నమ్మిన యార్క్‌కు అది పిడుగుపాటే. అతని పేరు నమోదు చేసుకోవలసిన పోస్టుమాస్టరు రోజియర్ పైల్ అతని కాపరి కూడా. ఆయన సాయంతో మినహాయింపు కోరితే అధికారులు తిరస్కరించారు. ఆ సంఘానికి బైబిలు తప్ప వేరే లిఖిత విశ్వాస ప్రమాణం లేదని వారు చూపిన కారణం! శిబిరంలో పైఅధికారులు అతణ్ణి గేలిచేయలేదు. బైబిలు తెరిచి అతనితో ఓపికగా చర్చించారు, ఆలోచించుకోమని సెలవిచ్చారు. యార్క్ ఇంటికి వచ్చి, కొండమీద ఒంటరిగా ప్రార్థించి, సమాధానం పొంది తిరిగి వెళ్లాడు.

1918 అక్టోబరు 8న ఫ్రాన్సులోని ఆర్గోన్ అడవిలో, శత్రువుల వెనుకకు వెళ్లిన 17 మందిలో ఆరుగురు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. మిగిలినవారికి యార్క్ నాయకుడయ్యాడు. కొండల్లో నేర్చిన గురితో మెషిన్‌గన్ల దళాన్ని అణచి, 132 మందిని బందీలుగా తెచ్చాడు. ఇరవైమందికి పైగా అతని చేతుల్లో చనిపోయారు. మర్నాడు అతడు అక్కడికి తిరిగి వెళ్లి గాయపడినవారి కోసం వెతికాడు. ఇరుపక్షాల మృతుల కోసం ప్రార్థించాడు.

దేశం అత్యున్నత పతకమిచ్చింది. సినిమాలు, ప్రకటనలు డబ్బు మూటలతో ఎదురొచ్చాయి. చంపినదాన్ని అమ్ముకోనని ఆయన వాటిని కాదన్నాడు. ఇంటికి వచ్చి 1919 జూన్‌లో గ్రేసీని పెళ్లాడాడు. తనకు దొరకని చదువు కొండ పిల్లలకు దొరకాలని ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసి, కౌంటీ కేంద్రమైన జేమ్స్‌టౌన్‌లో 1926లో బడి స్థాపించాడు. స్థానిక రాజకీయాలు అడ్డుపడ్డాయి. బడి నడపడానికి తన పొలమే తాకట్టు పెట్టాడు. 1937లో రాష్ట్రం ఆ బడిని చేపట్టింది. అది నేటికీ నడుస్తోంది. 1941లో తన జీవితాన్ని సినిమాగా తీయనిచ్చినదీ బైబిలు పాఠశాల కట్టాలనే ఆశతోనే. ఆ డబ్బే తర్వాత పన్నుల చిక్కై ఆయనను ఏళ్ల తరబడి వేధించింది. పక్షవాతంతో మంచం పట్టి, 1964 సెప్టెంబరు 2న ప్రభువునందు నిద్రించాడు. వుల్ఫ్ నది సమాధుల తోటలో ఆయనను ఉంచారు.

ప్రియ పాఠకులారా, యార్క్ చేసిన నిర్ణయంతో ఏకీభవించే విశ్వాసులున్నారు, ఏకీభవించనివారూ ఉన్నారు. ఆ ప్రశ్నను ఆయన తేలికగా తీసుకోలేదన్నది మాత్రం నిజం. లోకం పొగిడిన రోజున కూడా చనిపోయినవారిని మరువలేదు. పూర్వీకుల నుండి ఆయనకు భూమి రాలేదు, గురి తప్పని చెయ్యి, పగల జ్ఞాపకం వచ్చాయి. తన తర్వాతి తరానికి ఆయన ఒక బడిని ఇచ్చి వెళ్లాడు. పేరు, పలుకుబడి మన చేతికి వచ్చిన రోజున వాటిని ఎవరి కోసం వాడుతున్నాం? మన పిల్లలకు ఏమి మిగిల్చి వెళ్తున్నాం? ఈ వారం మన కుటుంబ ప్రార్థనలో ఈ ప్రశ్నలను ప్రభువు ముందు ఉంచుదాం.