సుందరయ్యగారు బిడ్డలెందుకు వద్దనుకున్నారు?

ఆ మధ్య పుంగనూరులో వ్యవసాయ కూలీల సమావేశం ముగిసి అందరూ బస్సులకు పోతుంటే ఒక కుర్రాడు మా పక్కకొచ్చి కూర్చున్నాడు. పెళ్లయి రెండేళ్లయింది. చెనక్కాయ పంట పోయిన ఏడల్లా బెంగుళూరుకు భవనాల పనికి పోతాడు. భూమి వేడెక్కిపోతా ఉంది, ఇంకొక బిడ్డను కనడం తప్పు అని అక్కడ చదువుకున్నోళ్లు కొందరు అనుకుంటున్నారంట. మన ఊళ్లో బోరు వెయ్యి అడుగులు దింపినా దుమ్మే వస్తోంది, మేము కూడా బిడ్డలు వద్దనుకోవాలా అన్నా, అని అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు జ్ఞాపకానికొచ్చారు.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులం తోకను తనే తీసేసుకున్నారు. మద్రాసులో కాలేజీ చదువు వదిలేసి 1930లో సత్యాగ్రహంలో దూకి జైలుకు పోయారు. విడుదలై ఊరికొచ్చి, తమ కళ్లాల్లో పనిచేసే కూలీల దగ్గరకే పోయారు. రెడ్డిగారి పిల్లవాడు మాలమాదిగ పల్లెల్లో కూర్చుని అన్నం తినడం ఊరి పెద్దలకు మింగుడు పడలేదు. ఆయన అక్కడితో ఆగకుండా ఆ ఊళ్లోనే వ్యవసాయ కూలీ సంఘం పెట్టారు. అమీర్ హైదర్‌ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు. తన వాటా ఆస్తి పార్టీకి ఇచ్చేశారు.

1943లో బొంబాయిలో లీలగారిని పెళ్లాడారు. ఆమె కులం వేరు, భాష వేరు. ఆమె కూడా పార్టీ పనిలో ఉన్న మనిషే. బిడ్డలు వద్దని ఇద్దరూ అనుకున్నారు. ఆపరేషన్ సుందరయ్యగారే చేయించుకున్నారు.

ఈ ఒక్క సంగతి దగ్గర మనం కాసేపు ఆగాల. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మంది దాకా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల లెక్క నూటికి ఒకటి కూడా లేదు. పొద్దంతా వంగి కలుపు తీసే మనిషే కత్తి కిందికి కూడా పోవాల. ఉద్యమాల్లో తిరిగే మన మగవాళ్లు ఈ విషయం వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

అయితే సుందరయ్యగారు భూమి బరువు తగ్గించడానికి బిడ్డలు వద్దనుకోలేదు. బిడ్డలుంటే వాళ్లకో ఇల్లు, నాలుగెకరాలు, చదువు, ఉద్యోగం అని మనసు లాగుతుంది. జైళ్లు, అజ్ఞాతవాసం తప్పని బతుకులో ఆ లాగుడు వద్దనుకున్నారు. తర్వాత జరిగింది చూస్తే ఆయన అంచనా తప్పలేదు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటం నడిచింది. అందులో ఏళ్ల తరబడి ఆయన రహస్య జీవితమే గడిపారు. 1952లో రాజ్యసభకు పోయారు, పార్లమెంటుకు సైకిలు మీదనే వెళ్లేవారు. 1955లో గన్నవరం నుంచి శాసనసభకు వచ్చారు. 1964లో మార్క్సిస్టు పార్టీ మొదటి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అట్లని బిడ్డలున్నవాళ్లు ఉద్యమానికి పనికిరారని కాదు. నంబూద్రిపాద్‌గారికి బిడ్డలున్నారు, ఆయన పనికేం లోటు వచ్చింది?

బీదోళ్లు ఎక్కువమందిని కంటారు కాబట్టే కరువు అనే మాట పాతదే. 1798లో మాల్థస్ అనే ఇంగ్లీషు పాదిరి పుస్తకమే రాశాడు. మార్క్స్ దాన్ని చీల్చి చెండాడాడు. మన దేశంలో ఎమర్జెన్సీ కాలాన, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షల పైచిలుకు ఆపరేషన్లు చేశారు. వాటిలో బలవంతాన జరిగినవెన్నో. పట్టుకుపోయింది ఎక్కువగా బీదవాళ్లనే. 1994లో మన రాష్ట్రంలో ఇద్దరికి మించి బిడ్డలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని చట్టం తెచ్చారు. 2024లో ఎత్తేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. కనమన్నా వద్దన్నా కూలోళ్ల ఇంట్లోకే తొంగిచూడటం ఏలినవాళ్లకు అలవాటు.

వేడి సంగతి అబద్ధం కాదు. దానికి కారణమైన బొగ్గుపులుసు గాలిని మనిషికి ఇంత అని లెక్కేస్తే అమెరికాలో ఏడాదికి సుమారు 14 టన్నులు, మన దేశంలో 2 టన్నుల చిల్లర. ఆ రెండులో కూడా కార్లు, ఏసీలు ఉన్నోళ్ల వాటా ఎంత, పుంగనూరు కూలీ వాటా ఎంత? బెంగుళూరులో ఏసీ గదిలో కూర్చుని బిడ్డను వద్దనుకునే వాళ్లకు వాళ్ల న్యాయం ఉండొచ్చు, మేము ఎగతాళి చేయము. ఆ లెక్క తెచ్చి ఈ కుర్రాడి నెత్తిన పెడితే మాత్రం ఒప్పుకోము. ఇక్కడ బోర్లెండింది బిడ్డలు ఎక్కువై కాదు. చెరువులు పూడిపోయినాయి. కాలువ నీళ్లు ఎవరి కయ్యకు పోవాలో పెత్తందార్లు చెప్తున్నారు. బిడ్డలు లేని సుందరయ్యగారు రాష్ట్రంలో నదుల నీళ్లు ఎట్లా వాడుకోవాలో లెక్కలు కట్టి పుస్తకం రాశారు. అరవై దాటాక కూడా, 1974లో, గుంటూరు జిల్లా అనంతవరంలో ఎవరికెంత భూమి, ఎంత కూలి అని సర్వే చేశారు. 1985 మే 19న కన్నుమూశారు.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పినాము. కనాలనో వద్దనో మేము చెప్పలేదు. మీ ఇంటామె ఏమంటోందని మాత్రం అడిగినాము. తల గోక్కుని, ఇంకా అడగలేదన్నాడు. సుందరయ్యగారు లీలమ్మతో మాట్లాడే నిర్ణయించుకున్నారు, నువ్వూ ముందు ఇంటికి పోయి ఆ పిల్లను అడుగు అన్నాము. అంతలో వాళ్ల ఊరి బస్సు వచ్చింది.