కారన్ డాష్: పెన్సిల్ డబ్బా మీది పేరు వెనుక మనిషి

ఖరీదైన కలర్ పెన్సిళ్లలో ఏవి మేలన్న చర్చ వస్తే చిత్రకారుల నోట తరచూ వినిపించేవి మూడు పేర్లు. జర్మనీకి చెందిన ఫేబర్-కాస్టెల్ పాలీక్రోమోస్, అమెరికాలో పుట్టిన ప్రిస్మాకలర్ ప్రీమియర్, స్విట్జర్లాండ్‌ కంపెనీ కారన్ డాష్ తయారుచేసే లూమినాన్స్.

పాలీక్రోమోస్‌లో రంగుపొడిని పట్టి ఉంచేది నూనె ఆధారిత మిశ్రమం. మొన గట్టిగా నిలుస్తుంది కాబట్టి సన్నని గీతలకు అనువు. ప్రిస్మాకలర్‌లో ఉండేది మైనం. రంగు మెత్తగా పరుచుకుంటుంది కానీ, దట్టంగా వేస్తే కొన్నాళ్లకు బొమ్మ మీద మైనం తెల్లటి పొరలా తేలుతుంది. లూమినాన్స్‌లోనూ మైనమే. అయితే దాని అసలు బలం వెలుతురును తట్టుకోవడం. ఆ పెన్సిల్ పేరు పక్కన కనిపించే 6901 అన్న అంకె, కలర్ పెన్సిల్ రంగులు వెలుతురుకు ఎంతవరకు వెలిసిపోకుండా ఉంటాయో తేల్చే అమెరికన్ ప్రమాణం సంఖ్య. అమ్ముకునే బొమ్మలు వేసేవాళ్లు ధర ఎక్కువైనా దాన్ని కొనేది అందుకే.

ఈ మూడో కంపెనీ పేరు ఒక మనిషిది. ఆయన పెన్సిళ్ల వ్యాపారి కాదు, కార్టూనిస్టు. కంపెనీ మొదలయ్యేనాటికి ఆయన చనిపోయి ఆరేళ్లయింది.

మాస్కోలో పుట్టిన ఫ్రెంచివాడు

కారన్ డాష్ అసలు పేరు ఎమాన్యుయేల్ ప్వారే. 1858లో మాస్కోలో జన్మించారు. ఆయన తాత నెపోలియన్ సైన్యంలో అధికారి. 1812లో రష్యా మీదికి దండెత్తి వచ్చి, బొరొదినో యుద్ధంలో గాయపడి, అక్కడే ఉండిపోయారు. మనవడు 1877లో ఫ్రాన్స్ చేరుకుని సైన్యంలో చేరారు. అక్కడ ఆయనకు దక్కిన పని యుద్ధ మంత్రిత్వ శాఖ కోసం సైనికుల యూనిఫాంల బొమ్మలు గీయడం.

పత్రికలకు బొమ్మలు వేయడం మొదలుపెట్టాక కలం పేరు కావాల్సి వచ్చింది. రష్యన్ భాషలో పెన్సిల్‌ను కరందాష్ అంటారు. నల్ల రాయి అన్న అర్థమిచ్చే తుర్కీ మాటల నుంచి అది పుట్టిందంటారు. దాన్నే ఫ్రెంచి స్పెల్లింగులోకి మార్చి కారన్ డాష్ అని సంతకం చేశారు.

పారిస్‌లోని మోంమార్త్ర్ ప్రాంతంలో షా న్వార్, అంటే నల్ల పిల్లి, అనే కాబరే ఉండేది. అక్కడి నీడల బొమ్మలాటతో 1880లలో ఆయన పేరు నగరమంతా మారుమోగింది. మన తోలుబొమ్మల్లా అవి తెర మీద రంగులు పూయించే బొమ్మలు కావు. జింక్ రేకుల్లో కత్తిరించిన ఆకారాలు. నెపోలియన్ దండయాత్రలు వాటి నల్లని నీడలుగా తెర మీద కదిలేవి.

ఫిగారో వంటి పత్రికల్లో ఆయన గీసిన కథల్లో చాలావాటికి మాటలుండవు. మనిషి నిలబడిన తీరు, గుర్రం తల తిప్పిన తీరు చాలు, కథ అర్థమైపోతుంది. మొత్తం నవలనే మాటలు లేకుండా బొమ్మల్లో చెబుతానని 1894లో ఫిగారోకు ప్రతిపాదించారు. అది పూర్తి కాలేదు. దొరికిన పేజీలు 1999లో అచ్చయ్యాయి.

దేశాన్ని చీల్చిన కేసు

అదే 1894లో ఆల్ఫ్రెడ్ డ్రైఫస్ అనే యూదు సైనికాధికారి జర్మనీకి రహస్యాలు చేరవేశారన్న ఆరోపణపై దోషిగా తేలారు. ఆయన నిర్దోషి అంటూ రచయిత ఎమిల్ జోలా 1898 జనవరిలో బహిరంగ లేఖ రాయడంతో ఫ్రాన్స్ రెండుగా చీలింది.

మరుసటి నెలలో కారన్ డాష్ ఫిగారోలో రెండు బొమ్మల కార్టూన్ వేశారు. మొదటి బొమ్మలో కుటుంబమంతా భోజనానికి కూర్చుంది. డ్రైఫస్ ఊసు మాత్రం ఎత్తవద్దని ఇంటి పెద్ద హెచ్చరిస్తున్నారు. రెండో బొమ్మలో ఊసు ఎత్తనే ఎత్తారు. గిన్నెలు, కుర్చీలు ఎగిరిపడుతున్నాయి, చుట్టాలు ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటున్నారు. ఎవరి పక్షమూ వహించనట్టు కనిపించే ఈ కార్టూన్‌ను ఆ కాలపు చరిత్ర చెప్పేవాళ్లు ఇప్పటికీ చూపిస్తుంటారు.

గీసిన మనిషి మాత్రం తటస్థుడు కాదు. అదే ఫిబ్రవరిలో జాన్ లూయీ ఫొరాన్ అనే మరో చిత్రకారుడితో కలిసి ఆయన ప్స్ట్ అనే వారపత్రిక పెట్టారు. దాని నిండా బొమ్మలే. డ్రైఫస్‌ను, జోలాను, యూదులందరినీ దేశద్రోహులుగా, వికారంగా చూపించే బొమ్మలు. సైన్యాన్ని తప్పుపట్టడమంటే దేశాన్ని తప్పుపట్టడమేనన్నది ఆ పక్షం వాదన. తాత నుంచి తన ఉద్యోగం వరకు సైన్యంతో ముడిపడిన జీవితం కాబట్టి ఆ వాదన ఆయనకు సులువుగానే ఎక్కి ఉండవచ్చు. ఒక మతం వాళ్లందరి మీదా విషం చిమ్మడానికి అది సంజాయిషీ కాదు.

ఆ ఆగస్టులోనే డ్రైఫస్‌కు వ్యతిరేకంగా చూపిన ఒక కీలక పత్రాన్ని తానే సృష్టించానని ఒక సైనికాధికారి ఒప్పుకున్నారు. పత్రిక ఆగలేదు. మరో ఏడాదికి పైగా, 1899 సెప్టెంబరు దాకా, 85 సంచికలు వెలువడ్డాయి. 1906లో అత్యున్నత న్యాయస్థానం డ్రైఫస్ నిర్దోషి అని తేల్చింది. 1909 ఫిబ్రవరిలో, 50 ఏళ్ల వయసులో, కారన్ డాష్ పారిస్‌లో మరణించారు.

పేరు పెన్సిలెక్కింది

జెనీవాలో 1915లో మొదలైన ఒక పెన్సిళ్ల ఫ్యాక్టరీ 1924లో ఆర్నాల్డ్ ష్వైట్జర్ చేతికి వచ్చింది. ఆయన దానికి ఈ కార్టూనిస్టు పేరు పెట్టారు. పెన్సిల్ అన్న అర్థం, చిత్రకారుడిగా ఉన్న కీర్తి రెండూ కలిసొచ్చిన పేరు అది. నీటితో తడిపితే వాటర్ కలర్‌లా కరిగే ప్రిస్మాలో పెన్సిళ్లను ఆ కంపెనీ 1931లో తెచ్చింది. నల్లని గీతలతో, నల్లని నీడలతో పేరు తెచ్చుకున్న మనిషి సంతకం అలా రంగుల డబ్బాల మీదికి చేరింది.

పెన్సిల్ నాణ్యతకు, ఎప్పుడో చనిపోయిన మనిషి అభిప్రాయాలకు సంబంధం లేదు. లూమినాన్స్ కొనాలా, పాలీక్రోమోస్ కొనాలా అన్నది కాగితం మీద తేలాల్సిన విషయం. కానీ కారన్ డాష్ జీవితం చెప్పేటప్పుడు భోజనాల బల్ల కార్టూన్‌ను మాత్రమే చూపించి ఊరుకుంటే కథ సగమే అవుతుంది. ప్స్ట్ తొలి సంచికలు కూడా ఆ నెలలోనే, ఆ చేతితోనే తయారయ్యాయి.